గుణం మాట సంక్రాంతి దాకా ఎత్తకండి

అనంతపురం జిల్లాలో సేద్యం మీద బతికే ఇల్లయితే, జూన్ నుంచి నవంబరు దాకా ఆలుమగల మధ్య ఎంత మాట పెరిగినా ‘నీ గుణమే అంత’ అన్న ఒక్క మాట మాత్రం నోట రానీయకండి. దాన్ని సంక్రాంతికి వాయిదా వేయండి. వినగానే ఇది తలకిందుల సలహా అనిపిస్తుంది. ఎవరిని అడిగినా చెప్పేది దీనికి ఎదురుగానే ఉంటుంది: మనిషి స్వభావం ముందు తెలుసుకో, దాన్నిబట్టి నడుచుకో, మనసులో ఉన్నది ఆ పూటే చెప్పెయ్, పొద్దు గుంకకముందే తేల్చుకో. నీళ్లు పారే ఊళ్లకు ఆ మాటలు సరిపోతాయేమో. పదును తప్పితే పది రోజుల్లో ఇంటిల్లిపాదీ వేరే మనుషులైపోయే ఈ ఎర్రనేలల్లో మాత్రం అవి మంచి సంసారాలను విరిచేస్తున్నాయి. అందుకే పెద్దలు చెప్పేదానికీ, పత్రికల్లో వచ్చేదానికీ విరుద్ధమైన సలహాలు ఇక్కడ ఇస్తున్నాను. ప్రతి మాటా నమ్మి చెబుతున్నదే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. పడమటి కనుమలు నైరుతి మబ్బును అడ్డుకుంటాయి. తూర్పు తీరం మీద కురిసిన ఈశాన్య మబ్బు ఇక్కడికి చేరేసరికి సగం ఖాళీ అవుతుంది. ఆ కాస్త వాన కూడా సగటు లెక్క ప్రకారం పడదు. నెల రోజులు మొహం చాటేసి, రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందు, ఒకప్పుడు ఈ ఉమ్మడి జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా సెనక్కాయ పంటే వేసేవారు. లక్షల కుటుంబాల మనశ్శాంతి ఒకే పంట మీద, అందులోనూ ఊడలు దిగే రెండు మూడు వారాల మీద ఆధారపడి ఉండేది. సెనక్కాయకు పూత నేల పైన, కాయ నేల లోపల. పూత నుంచి దిగిన ఊడ మట్టిలోకి దూరాలంటే ఆ వారాల్లో నేల మెత్తగా, తడిగా ఉండాలి. గట్టిపడిన నేల ఊడను లోపలికి రానివ్వదు. అప్పుడు పైన చెట్టు పచ్చగానే కనిపిస్తూ ఉంటుంది, కింద పెట్టుబడికి సరిపడా కాయ కూడా ఉండదు.

ఇప్పుడు ఒక రైతును ఆయన ఇంటివాళ్లే ఏడాది పొడుగునా ఏమేమంటారో చూడండి. మే నెలలో భార్య బంగారం కుదువ పెట్టి విత్తనాలు, ఎరువులు తెస్తాడు: ‘మొండోడు, చెప్తే వినడు’. జూలైలో పదునైతే ఇంకో రెండెకరాలు గుత్తకు తీసుకుంటాడు: ‘ఆశపోతు’. ఆగస్టులో మబ్బు తేలిపోతుంటే సంగటి ముందర కూర్చుని పలకడు: ‘మూగోడు, కడుపులో ఏముందో బయటపెట్టడు’. సెప్టెంబరులో బడి ఫీజు అడిగితే కసురుకుంటాడు: ‘పిసినారి’. అక్టోబరులో చెట్టు పీకితే కాయ లేదు, ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చుంటాడు: ‘సోమరి’. ఇన్ని పేర్లూ ఒకే మనిషికి, ఒకే పంటలో. నాలుగు బస్తాలు మంచి ధరకు పోయిన ఏడు అదే మనిషి సంక్రాంతికి మనవరాలికి గాజులు తెస్తాడు, వియ్యంకుడితో గంటల తరబడి నవ్వుతూ మాట్లాడతాడు. వీటిలో ఆయన అసలు గుణం ఏది?

తమిళనాడు చెరకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చింది. ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో దాన్ని 2013లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. 464 మంది రైతులకు కోతకు ముందు ఒకసారి, కోతయి డబ్బు చేతికొచ్చాక ఒకసారి ఒకే రకం పరీక్షలు పెట్టారు. డబ్బుకు కటకటలాడే నెలల్లో అదే రైతు ఆలోచించి జవాబు తేల్చడంలో వెనకబడ్డాడు. తొందరపడి తప్పు జవాబు చెప్పకుండా తమాయించుకోవడంలో తడబడ్డాడు. కోత తర్వాత తేరుకున్నాడు. వాళ్లు కొలిచింది ఆలోచననూ ఏకాగ్రతనూ, గుణం జోలికి వాళ్లు పోలేదు. కానీ సంసారంలో మనం మంచి గుణం అని పిలిచేదాంట్లో చాలా భాగం ఆ తమాయించుకునే శక్తే. చెరకు నీళ్లున్న చోట పెరిగే పంట. వాన మీద వదిలేసిన సెనక్కాయ రైతు తల మీద ఎంత బరువుంటుందో ఇక వేరే చెప్పాలా?

ఆ బరువు ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వరసగా చూసి రాసిపెట్టారు. 1980లలో అక్కడ భూమి ధరలు కూలి, అప్పులు మీదపడి ఎందరో రైతుల పొలాలు వేలానికొచ్చాయి. రాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి 1989లో 451 కుటుంబాలను ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించారు. ముందు కట్టాల్సినవి కట్టలేకపోవడం. దాంతో ఆలుమగలిద్దరికీ దిగులు. ఆ దిగులు ఒకరి మీద ఒకరికి విసుగుగా మారడం. ఆ విసుగు పిల్లల మీదకు దిగడం. అప్పు ఎవరికీ కనబడదు, దాన్ని మోస్తున్న మనిషి మొహం మాత్రం రోజూ కనబడుతుంది, కాబట్టి ఇంట్లోవాళ్లు మొహంతోనే పోట్లాడతారు. ఆ కుటుంబాల్లోనే ఒకరికొకరు ఊతంగా నిలిచిన జంటలను ఒత్తిడి అంతగా కుంగదీయలేదని కూడా తర్వాత తేలింది. తగాదా వచ్చినా కూర్చుని సమస్యను తేల్చుకోగలిగినవాళ్లకు ఆ తగాదా దెబ్బ తక్కువ తగిలింది.

కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా మీ ఆయన ఎట్లాంటివాడో, మీ ఆవిడ ఎట్లాంటిదో అర్థం చేసుకోవాలని ప్రయత్నించకండి. ఏం జరిగిందో మాత్రం చెప్పుకోండి. రోజుతో సహా, రూపాయలతో సహా. ‘నువ్వు పిసినారివి’ అంటే ఆయన చేయగలిగింది రెండే పనులు: కాదని అరవడం, లేచి బయటికి పోవడం. అదే సంగతిని ఇట్లా అడిగి చూడండి.

“సోమారం పాప ఫీజుకు ఎనిమిది వేలు అడిగితే లేవంటివి. ఈ పొద్దు ఎరువులంగడికి పది వేలు ఇస్తివంట. యాల ఇస్తివి మామా?”

“పోయినేటి బాకీ అది. కట్టకపోతే మందు ఇయ్యనన్యాడు. అందరి ముందర అన్యాడు.”

చివరి వాక్యంలో ఉంది అసలు సంగతి. ఆయన ఇంటికి రాగానే కసురుకున్నది ఆ అవమానాన్ని దాచుకోలేక. పిసినారి అన్న పేరు పెట్టి ఉంటే అది ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. పైగా ఆ పేరు నిజమేనేమో అని కొన్నాళ్లకు ఆయనకే అనిపించేది. థామస్ బ్రాడ్‌బరీ, ఫ్రాంక్ ఫించమ్ 1990లో దాంపత్యాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను సమీక్షించి ఇదే చెప్పారు. పొసగని జంటలు ఎదుటివారి తప్పును వాళ్ల స్వభావానికి అంటగడతారు, అది మారదని తీర్మానిస్తారు. ఎదుటివారు మంచి చేస్తే మాత్రం ఏదో అవసరం పడి చేశారంటారు. పొసిగిన జంటలు తప్పును పరిస్థితికి, మంచిని మనిషికి కడతారు.

మనవాళ్లకు ఈ నేర్పు కొత్తది కాదు. 1984లో జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. షికాగోలోనూ, మన పక్క రాష్ట్రంలోని మైసూరులోనూ మనుషులను కూర్చోబెట్టి, తెలిసినవాళ్లు చేసిన మంచిపనులు, చెడ్డపనులు చెప్పమని, అలా ఎందుకు చేశారనుకుంటున్నారని అడిగారు. షికాగో పెద్దలు ఎక్కువగా ఆ మనిషి స్వభావాన్ని చూపించారు. మైసూరు పెద్దలు ఆనాటి పరిస్థితిని, ఆ ఇద్దరి మధ్య ఉన్న వరసను, బాధ్యతను ఎక్కువగా చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఈ తేడా దాదాపు లేదు. అంటే అది పెరిగే క్రమంలో చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకునేదన్నమాట. మన పల్లెల్లో ముసలమ్మల నోట ఇప్పటికీ వినబడుతుంది: “వాడట్ల చేసినాడంటే ఏమి కష్టమొచ్చిందో పాపం.” ఆ మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. ఇంట్లో పిల్లలకు తప్పకుండా అంటించవలసిన అలవాటు అది.

పెళ్లి సంబంధాల దగ్గరికి వస్తే నా సలహా ఇంకా ఎదురుతిరిగి ఉంటుంది. జాతక పొంతనలో 36 మార్కులుంటే అందులో ఆరు గణానికి. దేవగణం, మనుష్యగణం, రాక్షసగణం అని పుట్టిన నక్షత్రాన్నిబట్టి పిల్ల స్వభావమూ పిల్లవాడి స్వభావమూ ముందే తేల్చేస్తారు. చదువుకున్న పిల్లలు దాన్ని కొట్టిపారేసి, ఫోనులో మనుషులను పదహారు రకాలుగా విడదీసే పరీక్ష రాసి, వచ్చిన నాలుగక్షరాలను ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఆ పరీక్షే కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. రెండూ పక్కన పెట్టండి. మంచి ముహూర్తం చూసుకుని, ఇల్లు సున్నం కొట్టించి, ఓళిగలు వండిన రోజున పెళ్లిచూపులకు పోతే ఎవరి గుణమూ కనబడదు. ఆగస్టు నెలాఖరులో, వాన మొహం చాటేసిన వారంలో, ముందుగా చెప్పకుండా పొండి.

అది మర్యాద కాదనిపిస్తే, 2018 లాంటి కరువేడు ఆ ఇంట్లో ఎలా గడిచిందో అడగండి. ముందు ఎవరి వస్తువు అమ్మినారు, అత్త గొలుసా కోడలి కమ్మలా? పశువులను సంతకు తోలేముందు ఇంట్లో అందరినీ అడిగినారా, పొద్దున లేచేసరికి కొట్టం ఖాళీగా ఉందా? ఆ ఏడు బడి మానింది కొడుకా కూతురా? బెంగళూరుకు ఎవరు పోయినారు, వెనక మిగిలిన ముసలివాళ్లకు ఎవరు వండిపెట్టినారు? అప్పు ఇచ్చినాయన ఇంటికి వస్తే ఎవరు బయటికి వచ్చి మాట్లాడినారు, ఎవరు లోపలే దాక్కున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు పిల్లవాడు తండ్రి మొహం చూస్తాడా, తల్లి మొహం చూస్తాడా అన్నది కూడా గమనించండి. మనిషి తన గురించి తాను ఏమనుకుంటాడో పరీక్షలు చెబుతాయి. కరువేడు ఎవరి వాటాకు ఏం వచ్చిందో ఆ ఇంటి లెక్కలు చెబుతాయి, సంసారానికి పనికొచ్చేది ఈ రెండోదే.

అమ్మాయిని ‘ఓర్పు గల పిల్ల’ అని మెచ్చుకోకండి. ఈ ఒక్క సలహా మీద అత్తలూ అమ్మలూ నన్ను తప్పుపట్టవచ్చు, అయినా చెబుతాను. ఆ మెప్పు పొందిన ఆడమనిషి ఆ రోజు నుంచి దాన్ని నిలబెట్టుకోవాలి. నడుము నొప్పి అని చెప్పుకోలేదు. కళ్లు తిరుగుతున్నాయని, రక్తం తక్కువుందని డాక్టరు చెప్పినా మాత్రలకు డబ్బు అడగలేదు. కరువు నెలల్లో చివరగా తినేది, తక్కువ తినేది తనే అయినా అది ఆమె గుణంగా చలామణీ అవుతుంది. ఇంట్లోవాళ్లకు అంతకంటే సుఖమైన నమ్మకం లేదు, ఎందుకంటే ఎవరూ ఏమీ మార్చుకోనక్కరలేదు.

ఆ ఓర్పు గుణం కాదనడానికి ఈ జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. జాబ్ కార్డులో ఆడవాళ్ల పేరు ఎక్కింది, ఆడకూలికీ మగకూలికీ ఒకటే రేటు అయింది. మగవాళ్లు బెంగళూరు కట్టడాల పనులకు పోయిన పల్లెల్లో చెరువు పూడిక తీసినవాళ్లు, కొలతలు తక్కువ వేశారని ఫీల్డ్ అసిస్టెంటుతో వాదించినవాళ్లు, పొదుపు సంఘం పుస్తకం పట్టుకుని బ్యాంకులో నిలబడినవాళ్లు అంతకుముందు ‘నోరు లేనిది’ అనిపించుకున్న ఆడవాళ్లే. నోరు ఎప్పుడూ ఉంది, తెరిచే చోటు లేకపోయింది. ఆరు నెలల తర్వాత ఊరికి తిరిగొచ్చిన భర్త “నువ్వు మారిపోయినావు” అంటాడు. ఆయనకు నా సలహా: ఆమె మునుపటి మనిషి కావాలని పట్టుపట్టకండి. బ్యాంకు పుస్తకం ఆమె దగ్గరే ఉండనివ్వండి. రెండో ఏడు కరువొస్తే ఆ పుస్తకమే మిమ్మల్ని నిలబెడుతుంది.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతను కూడా ఇక్కడ పక్కన పెట్టండి. గుట్టుగా ఉండటం ఇక్కడి మగవాళ్లు పెద్ద గుణంగా భావిస్తారు. అప్పు ఎంతుందో భార్యకు తెలియనివ్వకపోవడం ఆమె మీద ప్రేమ అనుకుంటారు. ఊళ్లో ఎరువులంగడాయనకు తెలుసు, వడ్డీకిచ్చినాయనకు తెలుసు, బ్యాంకులో గుమస్తాకు తెలుసు, ఇంట్లో ఆమెకు తప్ప. ఆమెకు తెలిసేది ఆయన చిరాకు మాత్రమే, దాని వెనక కారణం తెలియదు కాబట్టి ఆమె కారణాన్ని తనలో వెతుక్కుంటుంది, లేదా ఆయన గుణంలో వెతుకుతుంది. ఈ రెండింటికంటే అప్పు మొత్తం ఎంతో తెలియడం తేలిక. ఏ సంసారానికైనా నేను ఇదే చెబుతాను.

బోరు సంగతి చూడండి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు రాత్రంతా పనిచేస్తుంది. లెక్క అడుగుకు ఇంత అని. 500 అడుగులకు దుమ్మే తప్ప తడి లేదు. ‘ఇంకో వంద’ అంటాడు రైతు. ఆ వంద కూడా పోయాక ‘ఇంకో వంద’. ఇంట్లో దాన్ని మొండితనం అంటారు. అప్పటికే మట్టిలో పోసిన డబ్బు ఊరకే పోకూడదన్న తపన అది, ఏ దేశపు మనిషికైనా ఆ చోట ఉంటే అదే పుడుతుంది. దానికి గుణాన్ని దిద్దడం మందు కాదు. ఎన్ని అడుగులకు ఆపాలో ముందు రోజు రాత్రే ఇద్దరూ కలిసి తేల్చుకుని కాగితం మీద రాయండి. కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూసినాయన ఆ మాటల్లో ఉండకూడదు. ఆ కాగితం ఆమె చేతిలో ఉండాలి, రిగ్గు నడిచేటప్పుడు ఆమె పొలంలో ఉండాలి. మొండోడు అన్న మనిషి ఆ కాగితం ముందు ఆగడం మీరు చూస్తారు.

పలకని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మనసు విప్పమని అడగకండి. ఆయనకు మాటలు రాక కాదు, మొహంలో మొహం పెట్టి చెప్పుకునే అలవాటు లేక. వేసవిలో విత్తనానికి కాయలు వలుస్తారు కదా, పలుకు మీద పొట్టు చెదరకుండా చేత్తోనే వలవాలి. ఇద్దరి చూపూ చేతుల మీదే ఉంటుంది. ఆ పని దగ్గర అడగండి, అదీ మనసు గురించి కాదు, లెక్క గురించి: ఈ ఏడు ఎన్ని బస్తాలు, ఎవరికెంత బాకీ. లెక్క చెబుతూ చెబుతూ మనిషి తన భయం దగ్గరికి తానే వస్తాడు. రాకపోయినా నష్టం లేదు, లెక్క తెలిసింది.

ఇంతవరకూ చెప్పింది చదివి ఎవరైనా కొట్టే మొగుణ్ణి కరువు పేరు చెప్పి భరించాలనుకుంటే నా మాట తప్పుగా అర్థమైనట్టు. స్వభావం అనేది ఒకటుంది. అమెరికాలో లోవెల్ కెల్లీ 1930లలో నిశ్చితార్థం దశలోనే ఎంచుకున్న 300 జంటలను 1980 దాకా గమనించారు. 1987లో వచ్చిన ఫలితం స్పష్టంగానే ఉంది: ఇద్దరిలో ఎవరికైనా ఊరికే కలతపడే స్వభావం ఉన్నా, భర్తకు తనను తాను అదుపు చేసుకునే శక్తి లేకపోయినా ఆ కాపురాలు ఎక్కువగా చెడిపోయాయి. 1930ల మాంద్యంలో ఆదాయం పోగొట్టుకున్న కాలిఫోర్నియా తండ్రుల మీద లైకర్, ఎల్డర్ 1983లో రాసిన పరిశోధన ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. కష్టం చాలామందిని చిరాకు మనుషులను చేసింది. ముందునుంచీ తమాయించుకోలేనివాళ్లను మరీ ఎక్కువగా చేసింది. కాబట్టి ఏది కరువు, ఏది గుణం అని విడదీయడం అవసరమే.

దానికి నేను చూసే గుర్తు ఒకటే. పొద్దున ఎరువులంగడాయన తిట్టినా తల వంచుకుని నిలబడినాడు, వడ్డీకిచ్చినాయన ముందు చేతులు కట్టుకున్నాడు, సాయంత్రం ఇంటికొచ్చి భార్య మీద చెయ్యెత్తినాడు. అంటే తమాయించుకోవడం ఆయనకు వచ్చు, ఎవరి దగ్గర అక్కరలేదో కూడా తెలుసు. అది వాన తెచ్చిన చిరాకు కాదు, వాన వచ్చినా పోదు. కసిరింది ఊళ్లో అందరినీ అయితే, చివరికి తన ఎద్దునూ తననూ కూడా అయితే, దాన్ని కరువు ఖాతాలో వేయండి. భార్యనూ పిల్లలనూ మాత్రమే అయితే సంక్రాంతి దాకా ఆగకండి, ఆ రోజే 181కి ఫోన్ చేయండి, పుట్టింటివాళ్లకు చెప్పండి, అక్కడి నుంచి కదలండి. ‘సర్దుకుపో తల్లీ’ అని చెప్పే పెద్దమనిషి మాట వినకండి, ఆయన ఎంత మంచివాడైనా సరే.

ఇంకో సంగతి. ‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ అనే మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే దాన్ని పిరికితనంగానో బెదిరింపుగానో లెక్కగట్టకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఈ గుణం లెక్క ఇంటితో ఆగదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. 2004 జూన్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు కుటుంబానికి అప్పట్లో లక్షన్నర రూపాయలు ఇచ్చేవారు, అందులో యాభై వేలు బాకీలు తేల్చడానికి. అది సేద్యపు అప్పు వల్ల జరిగిన మరణమేనా అని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు కూర్చుని తేల్చాలి. అక్కడ ఇంటివాళ్లను అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఇంట్లో గొడవలున్నాయా అని. ఏ కరువు ఇంట్లో లేవు? కోపిష్టి, తాగుతాడు, పెళ్లాంతో పడదు అని ఊళ్లో పదేళ్లుగా పడిన పేరు ఆ రోజు సాక్ష్యంగా మారుతుంది. జాతీయ నేర రికార్డుల సంస్థ 2021 లెక్కల్లో దేశంలోని ఆత్మహత్యల్లో దాదాపు మూడో వంతుకు కారణం కుటుంబ సమస్యలని రాసి ఉంది. ఆ గడిలో ఎన్ని ఎండిన బోర్లు ఉన్నాయో ఎవరూ విడదీయలేదు. ఇంట్లో విసుగులో పెట్టిన పేరు ఊరి అరుగు దాటి కచేరీ కాగితం దాకా నడుస్తుంది. అందుకే మొదట్లోనే ఆపండి.

తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం రాయలసీమ కరువు మీద ‘పెన్నేటి పాట’ రాసినప్పుడు రంగడు, గంగమ్మ అనే ఆలుమగల కథ చెప్పాడు. అయితే ముందు పెన్నను చూపించాడు, ఒకప్పటి నీళ్లను, ఇప్పటి ఇసుకను. ఆ తర్వాతే వాళ్ల గుడిసెలోకి తీసుకుపోయాడు. ఆలుమగల తగువు తీర్చడానికి కూర్చునే పంచాయతీ పెద్దలకు, ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో కౌన్సెలింగ్ చేసేవాళ్లకు ఆ వరస నేర్చుకొమ్మని చెబుతాను. ఆలుమగలు మీ ముందుకొచ్చి కూర్చుంటే మొదట ఎవరి తప్పు అని అడగకండి. ఎన్నెకరాలు, బోరుందా, ఈ ఏడు ఏం వేశారు, ఏమొచ్చింది అని అడగండి. ధర్మవరం నేతపనివాళ్లయితే పట్టు ధర ఎంతుందో, చీరకు కూలి ఎంత కట్టిస్తున్నారో, మగ్గం ఎన్ని రోజులుగా ఆగిందో అడగండి. ఒకే మగ్గం మీద పొద్దంతా పనిచేసే ఇద్దరికి మగ్గం ఆగితే, ఒకే గదిలో ఖాళీ చేతులతో కూర్చోవాల్సి వస్తుంది. ఆ తగాదాలను స్వభావాలు కలవక వచ్చినవని రాయడం అన్యాయం.

చివరగా బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా దూరంలో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ. ఇంటికి ఫోన్ చేసి ‘ఎట్లుండావు నాయనా’ అని అడిగితే ‘బాగుండా’ అంటాడు, ఫోన్ అమ్మకిస్తాడు. మా నాయనకు మనసు లేదు, ఎప్పుడూ ఇంతే అని మీరు స్నేహితులతో చెప్పుకుంటారు. ఎట్లుండావని అడగడం మానేయండి. ‘బోరు ఎన్ని ఇంచులు పోస్తాంది?’ అని అడగండి. పోయిన నెల రెండించులు, ఇప్పుడు ఒకటిన్నర, పక్కాయన కొత్తగా వేయించినాడు, దాంతో మనది తగ్గింది, చీనీ చెట్లకు రోజు మార్చి రోజు కడతాండా, ఇంకో నెల వాన రాకపోతే ట్యాంకరు తోలాల... పావుగంట చెబుతాడు. మధ్యలో ఆపకండి, సలహా ఇవ్వకండి, డబ్బు పంపుతానని వెంటనే అనకండి. అంతా విన్నాక ట్యాంకరుకు ఎంతవుతుందో అడిగి, ఆ అంకె రాసిపెట్టుకుని, వచ్చే ఆదివారం మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి.